చూసింది చూసినట్టు రాసిన మనిషి – విక్టర్ క్లెంపెరర్

పోయిన శీతాకాలంలో మా పెద్ద తరగతి పిల్లలకి ఒక చిన్న పని ఇచ్చాం. ఆదివారం నాడు మీరేం చేశారో ఒక పేజీ తెలుగులో రాసుకుని రండి అని. పన్నెండు మంది రాసి తెచ్చారు. పన్నెండు కాగితాలూ ఇంచుమించు ఒకటే. పొద్దున్నే లేచాను, దోశ తిన్నాను, ఎల్బె నది ఒడ్డుకి వెళ్ళాం, చాలా బాగుంది, ఇంటికొచ్చి పడుకున్నాను. ఒత్తులూ దీర్ఘాలూ దిద్దడం తప్ప మాకు చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ఇంకొంచెం రాయాల్సింది కదా అంటే, ఒక అబ్బాయి లేచి మమ్మల్నే నిలదీశాడు. కథ అయితే ఆలోచించి రాయాలి గానీ, జరిగింది రాయడానికి ఏముంది అంకుల్, జరిగిపోయింది కాబట్టి రాసేయడమే కదా అని.

ఆ ప్రశ్నకి అప్పటికప్పుడు సరైన జవాబు దొరకలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే, జవాబు ఎక్కడో లేదు, మనం ఉంటున్న ఈ డ్రెస్డెన్‌లోనే ఉంది అనిపించింది. జరిగింది జరిగినట్టు రాయడం ఎంత కష్టమో, ఎంత అవసరమో తన జీవితంతో చూపించిన మనిషి ఒకాయన ఈ ఊళ్ళోనే నలభై ఏళ్ళ పాటు ఇల్లు పెట్టుకున్నారు. ఇక్కడే కన్నుమూశారు. ఆయన పేరు విక్టర్ క్లెంపెరర్. ఊళ్ళో ఆయన పేరున ఒక వీధి కూడా ఉంది. ఈ సంవత్సరం సంచికలో ఆయన కథ చెప్పుకుందాం. ఆ అబ్బాయి ప్రశ్నకి ఇదే మా జవాబు.

ఇంతకీ ఎవరీయన?

క్లెంపెరర్ 1881 అక్టోబరు 9న ల్యాండ్స్‌బెర్గ్ అనే ఊళ్ళో పుట్టారు. అప్పట్లో అది జర్మనీలో ఉండేది, ఇప్పుడు పోలాండ్‌లో ఉంది. తండ్రి యూదుల రబ్బీ, అంటే మతగురువు. ఇంట్లో అందరికన్నా చిన్నవాడు విక్టర్. అన్నల్లో ఇద్దరు పేరు మోసిన డాక్టర్లు, ఇంకొకాయన లాయరు. ప్రసిద్ధ సంగీత దర్శకుడు ఆటో క్లెంపెరర్ కూడా బంధువే. ఇలాంటి ఇంట్లో చివరివాడి పరిస్థితి ఎలా ఉంటుందో మన తెలుగు ఇళ్ళలో పెరిగిన వాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు.

ఈయన మాత్రం ఎందులోనూ కుదురుగా నిలబడలేదు. బడి మధ్యలో మానేసి ఒక వ్యాపార సంస్థలో పని నేర్చుకోవడానికి చేరారు. అది నచ్చక మళ్ళీ బడికి వెళ్ళి ఇరవయ్యేళ్ళకి పరీక్ష పాసయ్యారు. మ్యూనిక్, జెనీవా, పారిస్, బెర్లిన్‌లలో భాషా సాహిత్యాలు చదివారు. డిగ్రీ చేతికి రాకుండానే అదీ ఆపేసి పత్రికలకి వ్యాసాలు రాసుకుంటూ బతికారు. 1906లో ఈవా ష్లెమ్మర్ అనే పియానో విద్వాంసురాలిని పెళ్ళి చేసుకున్నారు. ఆవిడ యూదురాలు కాదు, క్రైస్తవ కుటుంబంలోంచి వచ్చింది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు ముందు దీనితో పని ఉంది. క్లెంపెరర్ కూడా క్రైస్తవ మతం పుచ్చుకున్నారు. తాను ముందు జర్మన్‌ని, ఆ తర్వాతే ఇంకేదైనా అని గట్టిగా నమ్మిన మనిషి. మొదటి ప్రపంచ యుద్ధంలో తనంతట తానే సైన్యంలో చేరి ఫిరంగి దళంలో పనిచేశారు. యుద్ధం అయ్యాక 1920లో మన డ్రెస్డెన్ సాంకేతిక విద్యాలయంలో ఫ్రెంచి, ఇటాలియన్ వంటి భాషల సాహిత్యానికి ప్రొఫెసర్ అయ్యారు. మనలో కొందరు చదువుకున్న, మరికొందరి పిల్లలు ఇప్పుడు చదువుతున్న యూనివర్సిటీ అదే.

ఇన్నిసార్లు దారి మార్చిన మనిషి జీవితంలో మారని అలవాటు ఒక్కటే. పదహారో ఏట డైరీ మొదలుపెట్టారు. చివరి దాకా రాస్తూనే ఉన్నారు. అందులో గొప్ప ఆలోచనలే ఉంటాయనుకునేరు. పంటి నొప్పి, డబ్బు ఇబ్బంది, తోటి ప్రొఫెసర్ మీద అసూయ, చూసిన సినిమా, పాడైన కారు, అన్నీ ఉంటాయి. తన గుండె బలహీనమనీ ఎక్కువ కాలం బతకననీ ఏళ్ళ తరబడి రాసుకుని, చివరికి డెబ్భై ఎనిమిదేళ్ళు బతికారు.

ఒక్కొక్కటే తీసేసుకుంటూ

1933 జనవరి 30న హిట్లర్ అధికారంలోకి వచ్చాడు. నాజీల చట్టం ప్రకారం మతం మారినా లాభం లేదు. తల్లిదండ్రులు యూదులైతే యూదుడే. యుద్ధంలో పోరాడిన వాడని మొదట్లో ఉద్యోగం ఉంచారు గానీ, 1935లో అదీ తీసేశారు. అప్పటికి భార్యాభర్తలిద్దరూ ఊరి అంచున డ్యోల్చెన్ గుట్ట మీద ఒక చిన్న ఇల్లు కట్టుకుని ఉన్నారు. తోట పెంచడం ఈవాకి ప్రాణం. 1936లో, యాభై నాలుగేళ్ళ వయసులో, ఈయన డ్రైవింగ్ నేర్చుకుని ఒక పాత ఓపెల్ కారు కొన్నారు. జర్మనీలో లైసెన్సు కోసం నానా తంటాలు పడ్డ మన వాళ్ళకి ఆ పేజీలు చదివితే నవ్వొస్తుంది. 1938 చివర్లో యూదులు కార్లు నడపకూడదన్నారు. ఆ సరదా అంతటితో సరి. అదే ఏడాది గ్రంథాలయం కూడా మూసుకుపోయింది. పుస్తకాలే జీవనంగా ఉన్న మనిషికి అది కారు కన్నా పెద్ద దెబ్బ.

1940లో సొంత ఇల్లు వదిలించి, యూదుల ఇళ్ళు అని పేరు పెట్టిన ఇళ్ళల్లో ఒక దానిలోకి పంపారు. ఒక్కో ఇంట్లో ఎన్నో కుటుంబాలు. ఒకరి దగ్గు ఇంకొకరికి వినపడేంత ఇరుకు. 1941లో ఒక రాత్రి కిటికీకి నల్ల తెర వెయ్యడం మర్చిపోయినందుకు ఎనిమిది రోజులు జైల్లో పెట్టారు. పుస్తకం లేదు, కళ్ళజోడు లేదు. కొన్ని రోజులకి ఒక పోలీసు పెన్సిలూ కాగితమూ ఇచ్చాక గానీ ఆయన ప్రాణం కుదుటపడలేదు. అదే ఏడాది సెప్టెంబరు 19 నుంచి బట్టల మీద పసుపుపచ్చ నక్షత్రం కుట్టుకుని తిరగాలన్నారు.

1942 జూన్ 2న ఆయన కూర్చుని, తమకి ఏమేం నిషేధించారో వరసగా అంకెలు వేసి రాశారు. ముప్ఫై ఒకటి తేలాయి. రేడియో, టెలిఫోను, సినిమా, ట్రాము, టైపు మిషను, పొగాకు, పత్రిక కొనడం, పువ్వులు కొనడం, ఇలా సాగుతుంది ఆ జాబితా. పెంపుడు జంతువులూ అందులో ఉన్నాయి. వాళ్ళింట్లో మూషెల్ అని ఒక పిల్లి ఉండేది. యూదుల ఇంట్లో ఉన్న పిల్లిని ఇంకొకరికి పెంచుకోవడానికి ఇవ్వడానికి కూడా వీల్లేదు. దాన్ని ఎవరో వచ్చి పట్టుకుపోయే దాకా చూడలేక, ఆ మే నెలలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి నొప్పి లేకుండా చంపించారు. చరిత్ర పుస్తకంలో ఇలాంటి వాటికి చోటు ఉండదు. రాసి పెట్టిన మనిషి ఉన్నాడు కాబట్టి మనకి తెలిసింది.

కాగితాల ప్రయాణం

ఆ రోజుల్లో డైరీ రాయడమంటే ప్రాణం పణంగా పెట్టడమే. రహస్య పోలీసులు ఎప్పుడు పడితే అప్పుడు ఇంట్లోకి చొరబడి సోదా చేసేవారు. కొట్టేవారు, ఉన్న కాస్త తిండి పారబోసేవారు. డైరీ వాళ్ళ కంట పడితే ఈయనొక్కరే కాదు, అందులో ఎవరెవరి పేర్లున్నాయో వాళ్ళందరూ బలి అయ్యేవారు. ఆ సంగతి ఆయనకి తెలుసు. చాలాసార్లు దాని గురించి మథనపడ్డారు. అయినా మానలేదు.

రాసిన కాగితాలని పుస్తకాల మధ్య దాచేవారు. కొన్ని పోగయ్యాక ఈవా వాటిని సంచిలో పెట్టుకుని పిర్నాకి తీసుకెళ్ళేవారు. ఇప్పుడు మనం లోకల్ ట్రెయిన్‌లో అరగంటలో వెళ్ళొచ్చే పిర్నాయే. అక్కడ అన్నెమరీ క్యోలర్ అనే మహిళా డాక్టరు తన ఆసుపత్రిలో వాటిని దాచిపెట్టారు. దారిలో ఒక్కసారి సంచి తెరిచి చూసి ఉంటే, మనకి ఈ రోజు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. ఈవా యూదురాలు కాదు కాబట్టి, విడాకులు ఇస్తే ఆవిడకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. విడాకులు ఇచ్చిన మరుక్షణం ఆయనని శిబిరానికి పంపేసేవారు. ఆవిడ ఆయన చెయ్యి వదల్లేదు. డైరీ రాసింది ఒక్కరే, దాన్ని బతికించింది మాత్రం ముగ్గురు.

చిన్న విషయాలే ఎందుకు?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. పెద్ద పెద్ద సంగతులు, అంటే యుద్ధాలూ ఉపన్యాసాలూ, ఎలాగూ చరిత్రకారులు రాస్తారు, తన పని రోజువారీ బతుకు రాయడం అని క్లెంపెరర్ నిశ్చయించుకున్నారు. దుకాణానికి వెళితే, లోపలికి వచ్చిన వాళ్ళలో ఎంతమంది హిట్లర్‌కి జై కొట్టారు, ఎంతమంది మామూలుగా నమస్కారం చెప్పారు అని మనసులో లెక్క పెట్టుకునేవారు. పత్రిక దొరికితే మరణ ప్రకటనలు చదివేవారు. యుద్ధంలో కొడుకు పోయిన తల్లిదండ్రులు, నాయకుడి కోసం ప్రాణమిచ్చాడని రాశారా, లేక కొడుకు పోయాడని మాత్రమే రాశారా అని చూసేవారు. జనం మనసులో ఏముందో ఆ రెండు ముక్కల్లో దొరికేది.

మంచీ చెడూ రెండూ రాశారు. వీధిలో కుర్రాళ్ళు తిట్టిన తిట్లు రాశారు. ముక్కూ మొహం తెలియని ఒక పెద్దాయన రోడ్డు దాటి వచ్చి, నక్షత్రం చూసి మరీ చెయ్యి కలిపి వెళ్ళిన సంగతీ రాశారు. విన్న మాట అయితే ఎవరి దగ్గర విన్నారో, ఎంతవరకు నమ్మొచ్చో రాశారు. తన తప్పులూ దాచలేదు. ఆకలికి తట్టుకోలేక, అదే ఇంట్లో ఉంటున్న ఒక ఆవిడ తిండిలోంచి కొంచెం తీసుకున్నానని సిగ్గుపడుతూ ఒప్పుకున్నారు. తనని తాను మహాత్ముడిగా చూపించుకునే ప్రయత్నం ఎక్కడా లేదు. మిగిలిన మాటలు నమ్మబుద్ధి వేసేది అందుకే.

ఆయన ఎక్కువగా గమనించింది మాటల్ని. భాషా పండితుడు కదా. మూర్ఖపు పట్టుదల అని అంతకు ముందు తిట్టుగా వాడిన మాట, నాజీల కాలంలో మెచ్చుకోలుగా మారిపోయింది. ప్రతి దానికీ జాతి అనే మాట ముందు తగిలించడం మొదలైంది. గిట్టని శాస్త్రవేత్త గురించి రాయాల్సి వస్తే, శాస్త్రవేత్త అన్న మాటకి ఇరువైపులా కొటేషన్ గుర్తులు పెట్టి ఎగతాళి చేసేవారు. విషాన్ని రోజూ కొంచెం కొంచెం మింగితే మొదట్లో ఏమీ తెలియనట్టే, ఈ మాటలు కూడా తెలియకుండా ఒంట్లోకి ఎక్కుతాయని ఆయన కనిపెట్టారు. బాధపడుతున్న యూదులు కూడా అవే మాటలు వాడేస్తున్నారని చూసి దిగులు పడ్డారు. గ్రంథాలయం లేదు, పుస్తకాలు లేవు. చెవులూ పెన్సిలూ ఉన్నాయి. వాటితోనే పరిశోధన చేశారు.

ఇంకొక్క సంగతి. యుద్ధం అయ్యాక మాకేమీ తెలియదు అన్నవాళ్ళు కోకొల్లలు. రేడియో లేని, ఫోను లేని ఈ మనిషి డైరీలో 1942 మార్చి 16 నాటికే ఆష్‌విట్జ్ అనే పేరు, అది శిబిరాలన్నిటిలోకీ భయంకరమైనదిగా చెప్పుకుంటున్నారన్న మాట కనిపిస్తాయి. అంటే ఆ నిజం గాలిలో తిరుగుతూనే ఉంది. చెవిని పడ్డ దాన్ని పట్టించుకుని, తేదీ వేసి రాసుకున్నారు క్లెంపెరర్.

1945 ఫిబ్రవరి 13

అప్పటికి డ్రెస్డెన్‌లో మిగిలిన యూదులు రెండు వందలకు లోపే. దాదాపు అందరూ క్లెంపెరర్ లాగే, భార్యో భర్తో యూదులు కాకపోవడం వల్ల మిగిలిన వాళ్ళు. ఆ మంగళవారం పొద్దున వాళ్ళలో చాలామందికి ఉత్తర్వులు వచ్చాయి. 16వ తేదీన సామాన్లతో హాజరు కావాలి, బయట ఊరికి పనికి పంపుతాం అని. పని అంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ కాగితాలు ఇంటింటికీ తిరిగి పంచే పని క్లెంపెరర్‌కే అప్పజెప్పారు. పిల్లలున్న తల్లుల చేతికి కూడా ఆయనే ఇచ్చి వచ్చారు.

ఆ రాత్రి పది దాటాక విమానాలు వచ్చాయి. అప్పుడు వాళ్ళుంటున్నది త్సోయిగ్‌హౌస్ వీధిలో, అంటే ఇప్పటి కొత్త సినగాగ్ పక్కన. పాత సినగాగ్‌ని 1938 నవంబరులోనే తగలబెట్టేశారు. రెండో దాడిలో భార్యాభర్తలు విడిపోయారు. కంటి దగ్గర గాయమై రక్తం కారుతుండగా, డైరీ కాగితాలున్న సంచి పట్టుకుని ఆయన నది వైపు పరిగెత్తారు. తెల్లవారాక బ్ర్యూల్ టెర్రస్ మీద, మనం చుట్టాలు వస్తే ఫొటోలు తీయించే చోట, ఈవా పెట్టె మీద కూర్చుని కనిపించారు. ఆవిడ చాకు తీసి ఆయన కోటు మీది నక్షత్రం కోసేశారు.

అక్కడి నుంచి వాళ్ళు ఇల్లు కోల్పోయిన మామూలు జర్మన్ల లాగా జనంలో కలిసిపోయారు. ఒకచోట మందుల చీటీ మీద ఉన్న పేరులో రెండు చిన్న మార్పులు చేసి, క్లెంపెరర్ అన్నదాన్ని క్లైన్‌పీటర్‌గా మార్చేశారు. సాక్సనీ నుంచి బవేరియాలో ఒక పల్లెటూరి దాకా వెళ్ళి, యుద్ధం ముగిశాక ఎక్కువ దూరం కాలినడకన తిరిగి, జూన్ 10న డ్యోల్చెన్‌లో తమ ఇంటికి చేరారు.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పుకోవాలి. మన ఊరిని బూడిద చేసిన ఆ రాత్రే ఆయన ప్రాణం నిలబెట్టింది. ఈ రెండూ నిజాలే. ఒకటి చెప్పి రెండోది దాస్తే అది అబద్ధం కాకపోయినా నిజం కూడా కాదు. చనిపోయిన వాళ్ళ లెక్క విషయంలో కూడా అలాగే జరిగింది. రెండు లక్షల మంది పోయారని నాజీలు ప్రచారం చేశారు. తర్వాత ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు అంకె పెంచుకుంటూ పోయారు. కర్ట్ వానెగట్ 1969లో రాసిన ప్రసిద్ధ నవలలోకి కూడా 1,35,000 అనే అంకె ఎక్కింది. చివరికి నగరపాలక సంస్థ చరిత్రకారుల సంఘం ఒకటి వేసింది. వాళ్ళు శ్మశానాల రికార్డులూ కార్యాలయాల పత్రాలూ అన్నీ తిరగేసి, 2010లో నివేదిక ఇచ్చారు. 25,000కి మించలేదని తేల్చారు. అంకె తగ్గిందని దుఃఖం తగ్గదు. ఇరవై అయిదు వేలమంది అంటే మన ఊళ్ళల్లో ఒక చిన్న పట్టణం మొత్తం. ఉన్నది ఉన్నట్టు చెబితేనే పోయిన వాళ్ళకి మర్యాద. ఫ్రావెన్‌కిర్షె చర్చిని 2005లో తిరిగి కట్టి తెరిచినప్పుడు, శిథిలాల్లో దొరికిన పాత నల్లరాళ్ళని తెల్లరాళ్ళ మధ్య అలాగే కనపడేట్టు పెట్టారు. ఈసారి వెళ్ళినప్పుడు పిల్లలకి అవి చూపించండి.

యుద్ధం తరవాత

బవేరియాలో ఉన్నప్పుడు బెర్లిన్ నుంచి వచ్చిన ఒక కార్మికురాలు ఆయనకి తారసపడింది. కొన్ని మాటలు అన్నందుకే తనని జైల్లో పెట్టారని ఆవిడ చెప్పింది. ఆ ఒక్క ముక్కతో, ఏం పుస్తకం రాయాలో తేల్చుకున్నారు. డైరీలో మాటల గురించి రాసుకున్న దాన్ని పోగుచేసి 1947లో ఎల్.టి.ఐ. అనే పుస్తకం వేశారు. మూడో సామ్రాజ్యపు భాష అని దాని లాటిన్ పేరుకి అర్థం. నాజీలకి పొడి అక్షరాల మోజు ఎక్కువ కాబట్టి, ఎగతాళిగా అలా పెట్టారు. ఈ రోజుకీ అది చదువుతున్నారు.

డ్రెస్డెన్ తూర్పు జర్మనీలోకి వెళ్ళింది. ఆయన కమ్యూనిస్టు పార్టీలో చేరారు. గ్రైఫ్స్‌వాల్డ్, హాలె, బెర్లిన్‌లలో ప్రొఫెసర్‌గా చేశారు. 1950 నుంచి 1958 దాకా పార్లమెంటు సభ్యులుగా ఉన్నారు. కొత్త ప్రభుత్వం మాటల్లో కూడా పాత వాసనలు ఆయనకి తగిలాయి. వాటినీ డైరీలో రాసుకున్నారు. బయట మాత్రం పెద్దగా నోరు విప్పలేదు. ఇది ఆయన బలహీనత అనే వాళ్ళున్నారు. డైరీలో మాత్రం ఆ లోపం కూడా దాచుకోలేదు కాబట్టే ఈ రోజు మనం దాని గురించి మాట్లాడగలుగుతున్నాం. 1951లో ఈవా పోయారు. మరుసటి ఏడాది హాడ్విగ్ అనే ఆవిడని పెళ్ళి చేసుకున్నారు. 1960 ఫిబ్రవరి 11న డ్రెస్డెన్‌లో కన్నుమూశారు. సమాధి డ్యోల్చెన్‌లోనే ఉంది.

నాజీ కాలం నాటి డైరీ ఆయన బతికుండగా అచ్చు కాలేదు. ఆయన దగ్గర చదువుకున్న వాల్టర్ నోవోయ్‌స్కీ, హాడ్విగ్ సాయంతో ఆ గజిబిజి దస్తూరీ విప్పి, 1995లో రెండు పెద్ద సంపుటాలుగా తెచ్చారు. దేశమంతా విరగబడి చదివింది. రాసినాయన పోయిన ముప్ఫై అయిదేళ్ళకి అది అందరి చేతుల్లోకీ వచ్చింది. అసలు కాగితాలు మన ఊళ్ళోనే, సాక్సనీ రాష్ట్ర గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి.

మనకీ దీనికీ ఏమిటి సంబంధం?

మాలో చాలామంది సాఫ్ట్‌వేర్ వాళ్ళమే. ప్రోగ్రాము ఆగిపోతే ముందు లాగ్ ఫైలు తెరుస్తాం. ఏ నిమిషానికి ఏం జరిగిందో అప్పటికప్పుడు రాసిపెట్టిన చిట్టా అది. కస్టమర్ ఫోన్ చేసి అంతా పాడైపోయింది అంటే అది అబద్ధం కాదు గానీ, దాంతో తప్పు ఎక్కడుందో పట్టుకోలేం. క్లెంపెరర్ డైరీ అలాంటి చిట్టా. ఒక తేడా ఉంది. మిషను చెప్పినదల్లా రాస్తుంది. మనిషి కళ్ళ ముందు రోజంతా వెయ్యి జరుగుతాయి, అందులో పదో ఇరవయ్యో కంటికి ఆనతాయి, రెండో మూడో రాస్తాడు. ఏది ఏరుకుంటాడన్నదే రాతలోని మంచీ చెడూ. ఆదివారం గురించి రాసిన మా పన్నెండు కాగితాల్లో అబద్ధం ఒక్కటీ లేదు. ఆదివారం కూడా లేదు.

తెలుగువాళ్ళకి ఈ విద్య కొత్తేమీ కాదు. మద్రాసు సుప్రీం కోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మేలో కాశీకి బయల్దేరి, పదిహేను నెలలు తిరిగి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. దారి పొడుగునా చూసింది కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళై గారికి ఉత్తరాలుగా రాశారు. ఏ ఊళ్ళో సత్రం ఉంది, ఏ దారి గులకరాళ్ళమయం, ఏ ఏరు ఎలా దాటాలి, ఏ సరుకు ఎక్కడ దొరుకుతుంది, అన్నీ ఉన్నాయి. 1838లో అచ్చయిన ఆ కాశీయాత్ర చరిత్ర వల్లనే, రెండు వందల ఏళ్ళ కిందటి మన పల్లెలూ దారులూ మనకి కనిపిస్తున్నాయి. ఆయన పుణ్యం కోసం వెళ్ళారు. మనకి దక్కిన పుణ్యం మాత్రం ఆ ఉత్తరాలు.

మా సంగతి చెప్పాలంటే కొంచెం సిగ్గుగానే ఉంది. మేము ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలంలో, మంచులో దారి తప్పి ఒక ట్రాము స్టాపులో నిలబడితే, ఎవరో మమ్మల్ని ఇంటి దాకా దిగబెట్టారు. పెద్దావిడ అని మా జ్ఞాపకం. కాదు, కుక్కని పట్టుకున్న ఒక పెద్దాయన అని మా ఇంట్లో వాదన. ఇన్నేళ్ళయినా ఆ పంచాయితీ తెగలేదు. ఆ రాత్రి నాలుగు ముక్కలు రాసుకుని ఉంటే, ఆ పుణ్యాత్ములెవరో మా పిల్లలకి సరిగ్గా చెప్పగలిగేవాళ్ళం. ప్రతి ఆదివారం ఇండియాకి ఫోన్ చేసి అంతా బాగానే ఉందమ్మా అంటాం. అటు నుంచి అమ్మ కూడా అదే మాట అంటుంది. ఇక్కడ ఉద్యోగం పోతుందేమోనన్న దిగులు మనం చెప్పం, అక్కడ మోకాళ్ళ నొప్పి వాళ్ళు చెప్పరు. ప్రేమతోనే దాస్తాం, అది నిజమే. అయితే రేపు మన మనవలు మనం ఈ దేశంలో ఎలా బతికామో తెలుసుకోవాలనుకుంటే, వాళ్ళకి మిగిలేది చర్చి ముందు నవ్వుతూ నిలబడ్డ ఫొటోలు మాత్రమే.

అందుకని ఈ సంవత్సరం మన బడిలో పిల్లలకి తలా ఒక రెండు వందల పేజీల నోటు పుస్తకం ఇస్తున్నాం. వారానికి ఒక పేజీ చాలు. పైన తేదీ వెయ్యాలి. చాలా బాగుంది అన్న మాట వాడకూడదు. బదులుగా కంటితో చూసిన ఒక్క చిన్న సంగతి, చెవితో విన్న ఒక్క మాట రాయాలి. ఎవరో చెప్పిందయితే ఎవరు చెప్పారో రాయాలి. తప్పు నీదైతే అది కూడా రాయాలి. ఒత్తులు తప్పు పోతే మేము దిద్దుతాం, తెలుగు మాట తట్టకపోతే జర్మన్ మాట తెలుగు అక్షరాల్లో రాసినా ఏమీ అనం. ఇంకో మాట, వీధిలో నడిచేటప్పుడు కాళ్ళ కింద చూడండి. కొన్ని ఇళ్ళ ముందు, పేవ్‌మెంటులో అరచేతి అంత ఇత్తడి పలకలు కనిపిస్తాయి. ఆ ఇంట్లో ఒకప్పుడు ఉండి, శిబిరాలకి పట్టుకుపోబడ్డ వాళ్ళ పేర్లు వాటి మీద ఉంటాయి. ఒక పలక దగ్గర ఆగి, ఆ పేరూ పుట్టిన సంవత్సరమూ మొదటి పేజీలో రాసుకోండి.

పెద్దవాళ్ళకి కూడా నోటు పుస్తకాలు కొన్ని ఎక్కువే తెప్పించాం. మేము ఒకటి తీసుకున్నాం. ట్రాము స్టాపు సంగతితో మొదలుపెట్టి, పెద్దావిడ అని ఒక వైపు, పెద్దాయన అని ఇంకో వైపు, రెండూ రాసి పెట్టాం.